నొప్పి లేని బ్రెస్ట్ స్కాన్: జాకెట్లు కుట్టే మనిషి రివ్యూ

ముందు గౌను సంగతి చెప్తాను. రొమ్ము పరీక్షకని వెళ్తే వీపు వైపు తెరుచుకునే గౌను ఇచ్చారు. నాలుగు చోట్ల నాడాలు, నాలుగూ వెనకే. చేతులు వెనక్కి మెలిపెట్టి ఎలాగో ముడులు వేసుకుని లోపలికి వెళ్తే, టెక్నీషియన్ అమ్మాయి "విప్పెయ్యాలమ్మా, ముందు వైపు కదా చూసేది" అంది. విజయవాడ గవర్నర్‌పేటలో 23 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. హుక్కులు ముందుకా వెనక్కా అని అడక్కుండా గుడ్డ మీద కత్తెర పెట్టను. రొమ్ములు చూడ్డానికే ప్రత్యేకంగా పెట్టిన గదిలో ఆ ముక్క ఎవరికీ తట్టలేదు. పైగా అది టెరికాటన్, చంకలో కుట్టు గరగరా గీసుకుంటోంది.

సూర్యారావుపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఇది. పేరు రాయను. ఆ టెక్నీషియన్ పిల్ల చాలా మంచిది, నా వల్ల ఆమె ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు. అదీగాక ఇదే పరీక్ష ఇంకో నాలుగు చోట్ల పెట్టినా నేను చెప్పేది ఇదే.

నా షాపుకొచ్చే ఒకావిడ కరపత్రం తెచ్చిచ్చింది. గులాబీ రంగు కాగితం మీద "నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్రెస్ట్ స్కాన్. నొప్పి లేదు, రేడియేషన్ లేదు, ఎవరూ తాకరు. 20 నిమిషాలు. 1,200 రూపాయలు" అని ఉంది. కింద ఎర్రక్షరాల్లో "మామోగ్రామ్‌కి ఇక సెలవు" అని. మామోగ్రామ్ అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే. ఆ ఎర్రక్షరాల ముక్క గుర్తుపెట్టుకోండి, నా గొడవంతా దాంతోనే.

నాకు 49. రెండేళ్ళ కిందట తెనాలిలో మా వదినకి రొమ్ము తీసేశారు. "వదిన నీకు రక్తసంబంధం కాదు కదమ్మా, నీకెందుకు టెన్షన్" అంది మా అమ్మాయి. నిజమే. కానీ ఆపరేషన్ తర్వాత ఆ డ్రెయిన్ సంచి పట్టుకుని నాలుగు రోజులు ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నది నేను. అప్పట్నుంచి మామోగ్రామ్ చేయించుకోవాలని అనుకోవడం, ఎవరో ఒకరు "రెండు పలకల మధ్య పెట్టి అప్పచ్చిలా నొక్కేస్తారు" అని చెప్పడం, దసరా గిరాకీ ఉందనో పెళ్ళిళ్ళ సీజన్ అనో వాయిదా వేయడం. ఇలాంటి మనిషికి "నొప్పి లేదు" అన్న కాగితం ఇస్తే వెళ్ళకుండా ఉంటుందా?

శనివారం పొద్దున పదిన్నరకి వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు నా పేరు రాసుకుని, నిండు హాల్లో, షుగర్ టెస్టుకొచ్చిన మగవాళ్ళందరి ముందూ, "బ్రెస్ట్ స్కాన్ ఎవరండీ, ముందు డబ్బులు కట్టెయ్యండి" అని కేకేశాడు. ఒక్క క్షణం నేను కాదన్నట్టు గోడ మీద క్యాలెండరు చూశాను. మన దగ్గర ఆ మాట తెలుగులో అనడానికే నోరు రాదు. నా దగ్గరకొచ్చే వాళ్ళు కూడా "ఇక్కడ కొంచెం లూజు పెట్టక్కా" అంటారు తప్ప ఎక్కడో చెప్పరు. ఒక టోకెన్ నంబరు పిలిస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

లోపల మాత్రం బాగుంది. చిన్న గది, కిటికీకి రెండు పొరల నల్ల పరదా. బయటి వెలుతురు ఏమాత్రం లోపలికొచ్చినా యంత్రానికి లెక్క తప్పుతుందట, అందుకని తలుపు కింద సందులో కూడా పాత దుప్పటి మడిచి పెట్టారు. టెక్నీషియన్‌కి పాతికేళ్ళు ఉంటాయేమో. నేను తాళి తీయబోతుంటే, "అక్కర్లేదమ్మా, భుజం వెనక్కి వేసుకోండి చాలు" అంది. నల్లపూసలు తనే జాగ్రత్తగా పక్కకి జరిపి, పైన పలచటి గుడ్డ కప్పింది. ఒక వైపు చూసేటప్పుడు రెండో వైపు కప్పే ఉంచింది. ఈ ఒక్క విషయంలో ఆ పిల్లకి ఐదుకి ఐదు మార్కులు.

పరికరం అంటే పెద్ద యంత్రం ఊహించుకున్నాను. అరచేతిలో పట్టేంత ఉంది, ఇస్త్రీపెట్టె పిడి లాగా. అడుగున చిన్న చిన్న బొట్ల వరుసలు. వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి తల కిందికి పెట్టించి, రొమ్ము చుట్టూ గడియారంలో అంకెల్లాగా ఒక్కో చోట ఆనించి నాలుగైదు సెకన్లు ఉంచింది. పన్నెండు, ఒకటి, రెండు అని తనలో తనే లెక్కపెట్టుకుంటోంది. నొప్పి లేదు, వేడి కూడా లేదు. కొంచెం ఎర్రటి వెలుగు అంచుల్లోంచి కనపడింది, అంతే. మిగతా వెలుగు కంటికి కనపడేది కాదని తర్వాత తెలిసింది. పక్కన కంప్యూటర్ తెరమీద ఎరుపూ నీలమూ మచ్చలు పెరుగుతూ తరుగుతూ ఉన్నాయి. మన టీవీలో తుపాను మ్యాపు లాగా ఉంది. "ఎరుపంటే క్యాన్సరా అమ్మా?" అనడిగాను. "నేను చెప్పకూడదమ్మా, రిపోర్టులో వస్తుంది" అంది. ఆమె తప్పు లేదు. కానీ ఆ రిపోర్టు చెప్పడానికి సెంటర్లో ఆ రోజు డాక్టరే లేరు.

సాయంత్రం ఫోనుకి రిపోర్టొచ్చింది. రెండు గుండ్రటి బొమ్మలు, ఎడమ దానిలో పైన పక్కగా ఎర్ర మచ్చ. కింద ఇంగ్లీషులో: ఎడమ వైపు రెండు గంటల చోట హిమోగ్లోబిన్ ఎక్కువ, స్కోరు 62, క్లినికల్‌గా సరిచూసుకోండి. 62 అంటే దేనికి 62? వందకా? ఎంతుంటే మంచిది? పరీక్షలో మార్కులైతే ఫస్ట్ క్లాసు. ఫోన్ చేస్తే కౌంటర్ కుర్రాడు ఎత్తి, "మేడమ్, 60 దాటితే మా అడ్వాన్స్‌డ్ ప్యాకేజీ ఉంది, 4,500, చేయించుకోండి" అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. రెండు జాకెట్లకి చేతులు తారుమారుగా వేసి కుట్టాను.

మా అమ్మాయి గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఆఖరి సంవత్సరం. ఆదివారం ఇంటికొచ్చింది. రిపోర్టు చూసి, "అమ్మా, ఇది గడ్డని చూసే మిషను కాదు, రక్తాన్ని చూసే మిషను. ఆ ముక్క వాళ్ళు ముందే చెప్పాల్సింది" అంది. అదృష్టవశాత్తూ అప్పుడే కరెంటు పోయింది. ఫోన్ టార్చి వేసి నా అరచెయ్యి దాని మీద పెట్టించింది. చెయ్యంతా ఎర్రగా దీపంలా వెలిగింది. "తెల్ల లైటు పెడితే ఎరుపే ఎందుకు బయటికొచ్చింది? నీలం, ఆకుపచ్చ నీ రక్తం తినేసింది. ఎరుపుని అంతగా తినదు, అందుకని అది దాటొచ్చింది. ఎరుపుకి అవతల, కంటికి ఆనని కాంతి ఉంటుంది, అది ఇంకా లోతుకి వెళ్తుంది. దాన్నే నియర్ ఇన్‌ఫ్రారెడ్ అంటారు." కంటికి ఆననిది ఉందని నాకెలా నమ్మకం? టీవీ రిమోట్ తెచ్చి ఫోన్ కెమెరా ముందు పెట్టి నొక్కింది. ఉత్త కంటికి ఏమీ లేదు, ఫోన్ తెర మీద మాత్రం రిమోట్ ముక్కు దగ్గర ఊదారంగు చుక్క మినుకుమినుకుమంది. 20 ఏళ్ళుగా ఆ రిమోట్లు నొక్కుతున్నాను, అందులో దీపం ఉందని తెలీదు.

"మరి నా వేళ్ళ ఎముకలు ఎందుకు కనపడలేదే?" అనడిగాను. ఎక్స్‌రేలో కనపడతాయి కదా. గ్లాసులో పాలు పోసి వెనక టార్చి పెట్టి చూపించింది. పాలన్నీ వెలుగుతున్నాయి, వెనక పెట్టిన చెంచా మాత్రం ఉత్త మసక. ఎక్స్‌రే సూటిగా దూసుకుపోతుంది. ఈ కాంతి ఒంట్లోకి వెళ్ళి పాలలో లాగా అటూ ఇటూ చెదిరిపోతుంది. అందుకని బొమ్మలో అంచులు ఉండవు, చిన్న చిన్నవి ఆ మసకలో కలిసిపోతాయి. అసలు రొమ్ము క్యాన్సర్ మొదట్లో కొందరిలో సున్నపు నలుసుల్లాంటి చుక్కలుగా కనిపిస్తుందట. మామోగ్రామ్ వాటిని కూడా పట్టుకుంటుంది. కాంతికి ఆ నలుసులు కనపడవు.

ఇక లెక్క ఇలా ఉంటుంది. కరోనా టైములో వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ గుర్తుందా? అందులో రెండు దీపాలు: ఒకటి 660 నానోమీటర్ల (కాంతి అల పొడవుని కొలిచే లెక్క) ఎరుపు, ఇంకొకటి 940 దగ్గర ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ ఉన్న రక్తం ఇన్‌ఫ్రారెడ్‌ని ఎక్కువ తింటుంది, లేని రక్తం ఎరుపుని. మిగిలిన కాంతి ఎంతో చూసి శాతం లెక్కగడుతుంది. రొమ్ము మీద పెట్టేది కూడా ఆ బాపతే, కాకపోతే లోపలికి పంపి, కాస్త దూరంలో పైకి తేలిన కాంతిని పట్టుకుంటుంది. 650 నుంచి 950 నానోమీటర్ల దాకా ఉన్న కాంతికి ఒళ్ళు కొంచెం దారిస్తుంది. దానికి ఇవతల రక్తం తినేస్తుంది, అవతల నీళ్ళు తినేస్తాయి. పెరిగే గడ్డ తన కోసం కొత్త రక్తనాళాలు తెచ్చుకుంటుంది కాబట్టి, అక్కడ రక్తం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ ఉండొచ్చు. యంత్రం వెతికేది ఆ జాడని. గడ్డ లేకపోయినా రక్తం పోగయ్యే కారణాలు బోలెడు. వాపుండొచ్చు, పాలిచ్చే తల్లి కావొచ్చు, ఒక పెద్ద సిర అక్కడ నుంచి వెళ్తుండొచ్చు.

"నెలసరి ఎప్పుడని అడిగారా?" అంది మా అమ్మాయి. అడగలేదు. ఇక్కడ మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నెలసరికి ముందు వారంలో కొలత తీసుకుంటే చెస్ట్ దగ్గర అర అంగుళం తేడా వస్తుంది. పది రోజుల తర్వాత వచ్చి "లూజు చేసేశావక్కా" అని పేచీ పెడతారు. అందుకే నా దగ్గర తెలిసిన వాళ్ళని నెమ్మదిగా అడిగి, లోపల కుట్టు ఎక్కువ వదులుతాను. ఆ రోజుల్లో రొమ్ములో రక్తమూ నీరూ పెరుగుతాయి. జాకెట్టుకే తేడా వస్తే, రక్తం లెక్కగట్టే యంత్రానికి రాదా? నాకు ఆ శనివారం సరిగ్గా డేటుకి మూడు రోజుల ముందు. మామోగ్రామ్‌కైనా నెలసరి అయిపోయిన వారం మంచిదంటారు, అప్పుడు నొప్పి తక్కువని.

ఇంకోటి కూడా నా వృత్తికి తట్టింది. ఆ చేతి పరికరం చూసేది మహా అయితే రెండు మూడు సెంటీమీటర్ల లోతు. 32 చెస్ట్ పిల్లకీ, 46 చెస్ట్ పెద్దావిడకీ అదే పరికరం, అన్నే చోట్ల, అన్నే సెకన్లు. పడుకోబెడితే కొంచెం పలచబడుతుంది, నిజమే. అయినా నిండుగా ఉన్నవాళ్ళకి ఛాతీ గోడ దగ్గరి భాగం ఆ వెలుగు చేరని చీకటే. ఫ్రీ సైజు అని అమ్మే జాకెట్లు ఎవరికి సరిపోతాయో మీకు తెలుసు. ఒంటి రంగు కూడా ఉంది. నేను చామనచాయ కంటే ఒక మెట్టు ముదురు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా కాంతిని తింటుంది, అందుకే నల్లటి చర్మం ఉన్నవాళ్ళకి ఆక్సీమీటర్లు కొన్నిసార్లు ఉన్నదానికంటే ఎక్కువ ఆక్సిజన్ చూపిస్తాయని కరోనా రోజుల్లో అమెరికాలో గొడవైంది. ఈ మిషన్లో దానికి సర్దుబాటు ఉందా అంటే కౌంటర్ దగ్గర జవాబు లేదు.

కొత్త టెక్నాలజీ అని కరపత్రంలో మూడు సార్లు రాశారు. మా అమ్మాయి ఫోన్లో వెతికి నవ్వింది. 1929లోనే న్యూయార్క్‌లో మ్యాక్స్ కట్లర్ అనే సర్జన్ చీకటి గదిలో రొమ్ము కింద దీపం పెట్టి, ఆ వెలుగులో గడ్డలు కనపడతాయేమోనని చూశాడు. నీటి తిత్తులైతే వెలుగు దాటేది, గట్టి గడ్డలైతే నల్లగా ఉండేవి. దీపం వేడికి చర్మం కాలేది, అదో బాధ. తర్వాత 1970ల్లో, 80ల్లో కెమెరాలు పెట్టి మళ్ళీ ప్రయత్నించారు. 1990లో స్వీడన్‌లో చాలా ఆసుపత్రులు కలిసి ఈ లైట్ స్కానింగుని మామోగ్రామ్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే, మామోగ్రామే మెరుగని తేలింది. అలాగని పనికిరానిదని ఎవరూ మూలన పడెయ్యలేదు. కాలిఫోర్నియాలో ఇర్వైన్ విశ్వవిద్యాలయం దగ్గర బ్రూస్ ట్రోంబర్గ్ అనే శాస్త్రవేత్త బృందం, కీమో తీసుకుంటున్నవాళ్ళ గడ్డలో రక్తమూ నీరూ ఎలా మారుతున్నాయో ఈ కాంతితోనే కొలిచి, మందు పనిచేస్తోందా లేదా అని చూసింది. అలాంటి చోట దీనికి అర్థం ఉంది: క్యాన్సర్ అని ముందే తెలుసు, ఎక్కడుందో తెలుసు, అదే చోట పదిసార్లు చూడాలి, ప్రతిసారీ ఎక్స్‌రే వద్దు. లేజర్ కాంతినీ అల్ట్రాసౌండునీ కలిపిన ఇంకో రకం యంత్రానికి 2021లో ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే సంస్థ) అనుమతిచ్చింది, అదీ ముందే అనుమానం వచ్చిన గడ్డని ఇంకాస్త తేల్చుకోవడానికి. ఎక్కడా "మామోగ్రామ్‌కి సెలవు" అని లేదు.

4,500 ప్యాకేజీ వద్దని చెప్పి, మా వదినకి చూసిన డాక్టరమ్మ దగ్గరకే వెళ్ళాను. ఆవిడ రిపోర్టు బల్ల మీద పెట్టి, "ముందు చూడనివ్వండి" అని వేళ్ళతో నెమ్మదిగా, చంకల్లో కూడా, ఐదు నిమిషాలు తడిమి చూసింది. అప్పుడు వెలిగింది నాకు. 1,200 కట్టిన చోట ఎవరూ నన్ను చేత్తో చూడలేదు. "ఎవరూ తాకరు" అన్నది అక్కడ గొప్పగా అమ్ముతున్నారు. డాక్టరమ్మ ఒక మాట చెప్పింది: ముంబయిలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు లక్షన్నర మంది ఆడవాళ్ళని 20 ఏళ్ళు గమనించారట. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో చూసిన గుంపులో, 50 దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యంత్రం లేదు, నల్ల పరదా లేదు.

మామోగ్రామ్ గురించి భయపడేవాళ్ళ కోసం నిజం రాస్తున్నాను. నొక్కుతారు. పలక చల్లగా ఉంటుంది. పై పలక దిగుతుంటే "ఇక చాలు" అనిపించిన తర్వాత ఇంకొంచెం దిగుతుంది. అప్పుడు ఊపిరి బిగపట్టమంటారు. కొన్ని సెకన్లు. నాలుగు సార్లు, ఒక్కో వైపు రెండేసి. సూది గుచ్చుకున్నప్పుడు బొటనవేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ కుట్టు మీద కూర్చుంటాను నేను, ఇది దానికంటే కొంచెం ఎక్కువ, అంతే. రేడియేషన్ మాట కూడా అడిగాను. రెండు వైపులా కలిపి 0.4 మిల్లీసీవర్ట్ దాకా, అంటే మామూలుగా నేల నుంచీ ఆకాశం నుంచీ ఏడు వారాల్లో మనకి ఊరికే తగిలేంత. 1,800 అయింది, అల్ట్రాసౌండ్‌కి ఇంకో 900.

నాది దట్టమైన కణజాలమట, సి కేటగిరీ. అలాంటి వాళ్ళకి మామోగ్రామ్‌లో అంతా తెల్లగా ఉండి గడ్డలు దాక్కుంటాయి, అందుకే అల్ట్రాసౌండ్ కూడా. ఎడమ వైపు రెండు గంటల చోట, స్కోరు 62 చోట, ఏమీ లేదు, ఒక లావుపాటి సిర తప్ప. కుడి వైపు మాత్రం 9 మిల్లీమీటర్ల నీటి తిత్తి ఉంది, అది ప్రమాదం లేనిది. లైట్ స్కాన్‌లో కుడి వైపంతా చల్లటి నీలం. బైరాడ్స్ 2, అంటే ప్రమాదం లేనిది, అని రాసి, ఏడాది తర్వాత రమ్మన్నారు. డాక్టరమ్మ సంతకం ఉంది, కింద ఫోన్ నంబరు ఉంది, అనుమానం ఉంటే ఎప్పుడు రావాలో తెలుగులో చేత్తో రాసిచ్చారు.

ఇంతవరకైతే డబ్బులు పోయాయి, రెండు జాకెట్లు విప్పి మళ్ళీ కుట్టాను, అని ఊరుకునేదాన్ని. ఈ రివ్యూ రాయడానికి కారణం వేరే. పోయిన నెల కృష్ణలంక నుంచి వచ్చే ఒకావిడ పట్టుచీర జాకెట్టుకి కొలతలివ్వడానికొచ్చింది. ఏడేళ్ళుగా ఆమెకి కుడుతున్నాను, ఆమె కొలతలు పుస్తకం చూడకుండా చెప్పగలను. టేపులో తేడా లేదు. కానీ వేసి చూస్తే ఎడమ వైపు డాట్ కుదరట్లేదు, ఎంత సర్దినా ఒక చోట లోపలికి లాగినట్టు ముడత. గుడ్డది కాదు ఆ ముడత. పరదా వేసి చూపించమన్నాను. చర్మం అక్కడ నారింజ తొక్కలాగా గుంటలు గుంటలుగా ఉంది. "నాకేం లేదక్కా, మూణ్ణెల్ల కింద అపార్ట్‌మెంట్‌లో క్యాంపు పెడితే ఇన్‌ఫ్రారెడ్ తీయించుకున్నా, నార్మల్ వచ్చింది" అంది. ఆ కాగితం ఇంకా పర్సులో దాచుకుంది.

అది నేను చేయించుకున్నది కూడా కాదు. అది వేడి కెమెరా, థర్మోగ్రఫీ అంటారు. కాంతి పంపదు, ఒంట్లోంచి వచ్చే వేడిని ఫోటో తీస్తుంది. పేరులో ఇన్‌ఫ్రారెడ్ అని ఉండటంతో రెండిటినీ ఒకే గాటన కట్టి అమ్ముతున్నారు. దాని సంగతి ఎఫ్‌డీఏ ఎప్పుడో తేల్చి చెప్పింది: థర్మోగ్రఫీ మామోగ్రామ్‌కి బదులు కాదు. ఆవిడని మర్నాడే మా డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్ళాను, షాపు మూసి. బయాప్సీ అయింది, ఇప్పుడు గుంటూరులో కీమో మొదలైంది. ఆ పట్టుజాకెట్టు కుట్టకుండా అలాగే ఉంచాను. తర్వాత కొలతలు మారతాయి కదా అని ఆమే అంది. నాకు ఏం మాట్లాడాలో తోచక దారం రంగు అడిగాను.

అందుకని ఈ సెంటర్‌కి వెళ్ళాలా వద్దా అంటే నా మాట ఇది. చేతికి గడ్డ తగిలినా, చర్మం ముడతపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం చుక్క కనపడినా ఈ లైట్ స్కాన్ దగ్గర ఒక్క రోజు కూడా వృథా చెయ్యకండి. "నార్మల్" వస్తే మీరు ఊరుకుంటారు, అదే ప్రమాదం. 40 దాటి ఏ లక్షణమూ లేనివాళ్ళు డాక్టరుకి చూపించుకుని మామోగ్రామ్ ఎప్పటికెప్పుడో అడగండి. డబ్బు ఇబ్బంది ఉంటే గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో వాళ్ళు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది, ముందు అక్కడ కనుక్కోండి. ఇవన్నీ చేయించుకుని, ఇంకా కుతూహలం మిగిలి, 1,200 రూపాయలు ఖర్చయినా బాధ లేదనుకుంటే, ఈ స్కాన్ సరదాగా ఉంటుంది. మీ రక్తం మ్యాపు మీరే చూసుకోవచ్చు.

మార్కులు: టెక్నీషియన్‌కి 5, పరీక్ష గదికి 4, రిపోర్టుకి 1, కౌంటర్‌కి సున్నా. కరపత్రానికి మైనస్ వేసే వీలుంటే వేసేదాన్ని. మొత్తం మీద 5కి 2.

ఈ సంగతులన్నీ మేనేజరుకి కాగితం మీద రాసిచ్చొచ్చాను. నెలసరి తేదీ అడగమని, 62 అంటే ఏమిటో రాయమని, హాల్లో కేకలు ఆపమని, ఆ ఎర్రక్షరాలు తీసెయ్యమని. ఆయన చదివి, "ఫామ్‌లో తేదీ కాలమ్ పెట్టిస్తామండీ" అన్నాడు. ఎర్రక్షరాల దగ్గరికొచ్చేసరికి ఫోన్ మోగిందని లోపలికి వెళ్ళిపోయాడు. మొన్న అటు వెళ్ళినప్పుడు చూశాను, గులాబీ కాగితాలు కౌంటర్ మీద అలాగే ఉన్నాయి.

నిన్న మాత్రం ఆ టెక్నీషియన్ పిల్ల ఫోన్ చేసింది. "అమ్మా, ముందు తెరుచుకునే గౌన్లు ఆరు కావాలంట, మేనేజర్ గారు రేటు అడగమన్నారు" అని. మెత్తటి కాటన్, పక్కకి కట్టుకునే నాడాలు, చంకలో పైపింగ్, ఒక్కోటి 280 అని చెప్పాను. అన్నీ ఫ్రీ సైజు కుట్టెయ్యమన్నారట. కుదరదన్నాను. 36, 42, 46, రెండేసి చొప్పున అయితేనే కుడతానని చెప్పి పెట్టేశాను. ఇంకా ఫోన్ రాలేదు.